గుండె దడకి ఒక స్విచ్చి!

కోటబొమ్మాళి అనగానే మీకేం గుర్తొస్తుంది? కొత్తమ్మ తల్లి జాతర గుర్తొచ్చిందంటే మీరు మా శ్రీకాకుళం జిల్లా వాళ్లే. సినిమా గుర్తొచ్చిందంటే మాత్రం మీరు అచ్చంగా మన పత్రిక పాఠకులు! 2023 నవంబరులో శ్రీకాంత్ నటించిన ‘కోట బొమ్మాళి పి.ఎస్.’ విడుదలై మా ఊరి పేరుని ఊరూరా గోడలకెక్కించింది. సినిమాకన్నా ముందే అందులోని ‘లింగిడి’ పాట జనంలోకి వెళ్లిపోయింది. మా వైపు జానపదం బాణీ కదా... కుర్రకారు ఊరుకుంటారా? పెళ్లి పందిట్లో అదే, ఆటోలో అదే!

ఇక నా సంగతి. సినిమాల మీద నాలుగు ముక్కలు రాసుకుని బతికేవాణ్ణి. ఆ పాటని ‘అసలు సిసలు’గా వినాలన్న పిచ్చితో నా కారు డిక్కీలో పన్నెండంగుళాల సబ్‌వూఫర్ బిగించాను. దానికో యాంప్లిఫయరు. కారు సెకండ్ హ్యాండే గాని సౌండు మాత్రం ఫస్ట్ క్లాసు! డప్పు మీద దెబ్బ పడితే వెనక నంబరు ప్లేటు కూడా తాళం వేసేది.

అంతా బాగానే ఉంది... ఓ సాయంత్రం వరకు.

అమ్మని టెక్కలి ఆసుపత్రిలో చూపించి తిరిగి వస్తున్నాను. పదహారో నంబరు జాతీయ రహదారి. అద్దాలు మూసి, ఏసీ వేసి, పాట పెట్టాను. వెనక సీట్లో అమ్మ. ఆవిడ వీపుకి జానెడు దూరంలో సబ్‌వూఫర్!

“ఒరే నాయనా, గుండెల మీద రోకలెట్టి దంచినట్టుందిరా” అంది.

నేను నవ్వేశాను. “అదే కదమ్మా మజా!”

కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. “ఒరే! ఎనకాల అంబులెన్సురా! ఎంతసేపట్నించో వస్తంది, పక్కకి తియ్యి!”

అద్దంలో చూద్దును కదా... ఎర్ర దీపం నా బండి వెనకే గిర్రున తిరుగుతోంది. సైరను నాకు ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు. కంగారుగా ఎడమకి తీశాను. ఆ బండి దూసుకుపోయింది. అందులో ఎవరున్నారో, ఏమయ్యారో నాకు తెలీదు. తెలిస్తే ఈ వ్యాసం రాసే ధైర్యం ఉండేది కాదేమో!

అమ్మ తిట్టలేదు. “మీ నాన్నని తీసుకెళ్లిననాడు కూడా ముందు బండోడు బేగి తప్పుకోలేదురా” అంది. అంతే. ఇంటికొచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

సినిమావాళ్లకి తెలిసిన రహస్యం

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. మంద్రధ్వని తప్పా? తప్పే అయితే మనం థియేటరుకి ఎందుకు పరిగెడతాం?

1974లో హాలీవుడ్‌లో ‘ఎర్త్‌క్వేక్’ అనే సినిమా వచ్చింది. భూకంపం సీను రాగానే హాల్లో కుర్చీలు నిజంగా అదిరేలా ‘సెన్‌సరౌండ్’ అనే పద్ధతి పెట్టారు. బీరువాలంత స్పీకర్లు! లాస్ ఏంజిలిస్‌లోని చైనీస్ థియేటర్లో పైకప్పు పెచ్చులు జనం మీద పడకుండా వల కట్టారంటే చూసుకోండి. కానీ అసలు తమాషా ఏమిటంటే, ఆ స్పీకర్లు సినిమా అంతా మోగవు. ఫిల్ము మీద ప్రేక్షకుడికి వినబడని సంకేతం ఒకటి ఉండేది. అది సీను రాగానే వాటిని లేపేది, సీను అయిపోగానే పడుకోబెట్టేది. అంటే... వాటికో స్విచ్చి ఉందన్న మాట!

మన దగ్గర 1986లో హీరో కృష్ణ ‘సింహాసనం’తో తెలుగుతెరకి 70 ఎం.ఎం. తెచ్చారు. ఆ తర్వాత డిజిటల్ సౌండు వచ్చింది. ‘5.1’ అంటుంటారు చూశారూ, అందులో చివరి ‘పాయింట్ ఒకటి’ ఈ మంద్రధ్వని కోసం విడిగా కేటాయించిన దారి. 120 హెర్ట్జ్‌కి లోపల ఉండే గర్జనలకే ఆ దారి. బాంబు పేలితే దానికి పని. హీరోయిన్ చెవిలో గుసగుసలాడితే దానికి సెలవు. ఆ నిశ్శబ్దం ఉంది కాబట్టే, దెబ్బ పడినప్పుడు మనం కుర్చీలో ఎగిరి పడతాం.

నా కారులో ఆ సెలవు లేదు. అదీ నా తప్పు!

పైగా ఈ మంద్రధ్వనికి గోడలంటే లెక్కలేదు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు ఏడు మీటర్లు. పాటలోని మాటలు గోడ దగ్గర ఆగిపోతాయి గాని, ‘ధన్ ధన్’ మాత్రం పక్కింట్లో పసిపాప ఊయల దాకా వెళ్తుంది. కారులో ఉన్నవాడికి అది పాట. వీధిలో ఉన్నవాడికి తలనొప్పి. ఇంకో సంగతి కూడా ఉంది. గట్టి మంద్రధ్వని తనకన్నా పై స్థాయి శబ్దాల్ని కూడా కప్పేస్తుంది. నాకు సైరను వినబడకపోవడంలో మూసిన అద్దాలతో పాటు దీనికీ వాటా ఉంది.

ఎర్ర తీగ... నీలి తీగ

మర్నాడే మా బావ, నేను రంగంలోకి దిగాం. బావకి ప్రతి పనీ వచ్చు, సగం సగం! బ్యాటరీ నుంచి యాంప్లిఫయరుకి వెళ్లే లావుపాటి ఎర్ర తీగని మధ్యలో కోసి, ఇంట్లో ఫ్యానుకి వాడే స్విచ్చి బిగించాడు. పాట పెట్టాం. పది నిమిషాలైందో లేదో... కాలిన వాసన! ముట్టుకుంటే స్విచ్చి పెనంలా ఉంది.

తలవంచుకుని ఊళ్లో ఎలక్ట్రీషియన్ మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. ఆయన చూసి పకపకా నవ్వాడు.

“ఏటి బావూ, ఏనుగుని దారంతో కడతారేటి? ఈ ఎర్ర తీగలో పదుల ఆంపియర్ల కరెంటు పారుతాది. దీని జోలికెల్లకండి. దీన్ని లేపేది ఇంకోటుంది, సూడండి” అని పాటల పెట్టె వెనక నుంచి సన్నటి తీగ ఒకటి లాగాడు. నీలం రంగు, మీద తెల్ల చార.

అదీ కీలకం! పాటల పెట్టె ఆన్ అయినప్పుడు ఈ సన్న తీగలోంచి 12 వోల్టులు వెళ్లి యాంప్లిఫయరుని ‘లే’ అంటాయి. అవి ఆగిపోతే అది నిద్రపోతుంది. దీన్నే ‘రిమోట్’ తీగ అంటారు. చాలా సెట్లలో రంగు ఇదే అయినా, మీటరుతో చూసుకోవడం మంచిదన్నాడు. ఇందులో పారే కరెంటు బహు తక్కువ గనక చిన్న స్విచ్చి చాలు. ఆ తీగని తెంపి, మధ్యలో స్విచ్చి పెట్టి, టేపు చుట్టి, స్టీరింగు కింద చేతికి అందేచోట బిగించాడు. అద్దాల స్పీకర్లలో పాట మామూలుగా వస్తోంది. డిక్కీలో దెయ్యం మాత్రం నిద్ర!

మేస్త్రీ చెప్పిన జాగ్రత్తలు మీరూ రాసుకోండి. పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పెయ్యాలి. స్విచ్చికి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వకూడదు. ఇస్తే, ఆపడం మర్చిపోయిన రాత్రి యాంప్లిఫయరు మేలుకునే ఉండి తెల్లారేసరికి బ్యాటరీని తాగేస్తుంది. నొక్కేటప్పుడు ‘టప్’మని శబ్దం రావచ్చు, వాల్యూము కాస్త తగ్గించాలి. అన్ని స్పీకర్లూ ఒకే యాంప్లిఫయరు మీద నడుస్తుంటే ఈ చిట్కా పనికిరాదు, మొత్తం మూగబోతుంది!

“సెట్టు మెనూలో తగ్గించుకోవచ్చుగా?” అంటారేమో. నిజమే, చాలా సెట్లలో ఆ వీలుంది. కాని బండి నడుపుతూ తెర మీద నాలుగు చోట్ల వేలు పెట్టేకన్నా, చూడకుండా తాకే స్విచ్చి మేలు కదూ?

చట్టం మాటా చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్నచోట పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్సే హద్దు. అంబులెన్సుకి దారివ్వకపోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. నాకు మాత్రం జరిమానాకన్నా అమ్మ అన్న ఆ ఒక్క మాటే ఎక్కువ పడింది.

ఇప్పుడు ఊరి పొలిమేర రాగానే నా చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి వెళ్తుంది. టక్! ఆసుపత్రి దగ్గర, బడి దగ్గర, చావు టెంటు వేసిన ఇంటి దగ్గర... టక్!

మొన్న అమ్మతో మళ్లీ టెక్కలి బయల్దేరాను. స్విచ్చి ముందే ఆపేశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ‘లింగిడి’ పాట వచ్చింది. కాసేపు విని అమ్మ ముందుకి వంగింది.

“ఏటిరా, ఆ డప్పు సప్పుడేదీ? ఈ పాటకి కూడా ఆపేస్తావేటి? ఎయ్యి!”

టక్!