ముందు ఎవరమో, తర్వాత ఎలా బ్రతకాలో

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళున్నప్పుడు ఒక సాయంత్రం ఫోను మోగింది. చర్చిలో తెలిసినాయన. ఇల్లు మారడానికి సాయం అడుగుతారని నాకు తెలుసు. "డాడీ ఇంట్లో లేరని చెప్పు" అన్నాను. వాడు ఫోను ఎత్తకుండా, "మనం క్రిస్టియన్స్ కదా డాడీ?" అన్నాడు.

అబద్ధమాడకూడదని నేర్పింది నేనే. వాడు గుర్తు చేసింది మాత్రం ఆ నియమాన్ని కాదు, మేమెవరమో!

ఎఫెసీయులకు రాసిన పత్రికలోనూ ఇదే వరుస. ఆరు అధ్యాయాల్లో మొదటి మూడూ ముఖ్యంగా క్రీస్తులో మనం ఎవరమయ్యామో చెబుతాయి. ఎలా నడుచుకోవాలన్నది నాలుగో అధ్యాయంలో "కాబట్టి" అంటూ మొదలవుతుంది. అక్కడే 25వ వచనంలో అబద్ధం మానమనడానికి చూపిన కారణం శిక్షాభయం కాదు. మనం ఒకరికొకరం అవయవాలమన్నది. అంటే ఆ సాయంత్రం నేను తప్పించుకోబోయింది నా సొంత శరీరం నుంచే.

ఊళ్ళో నలుగురి చూపు మనల్ని కాపు కాసేది. ఇక్కడ కాలేజీకి వెళ్ళిన పిల్లలకి ఆ కాపలా ఉండదు. "అది చెయ్యకు, ఇది చెయ్యకు" అన్న జాబితా ఎంత దూరం వెంట వెళుతుంది? తానెవరో తెలిస్తే, ఆ ఎరుక ఎవరూ చూడనిచోటికీ వెళుతుంది.

ఆ రోజు ఫోను నేనే ఎత్తాను. "శనివారం పొద్దున్నే వస్తానండీ" అన్నాను. మా వాడు కూడా వచ్చి పెట్టెలు మోశాడు.