అరణపు గేదె ఎవరిది?

మొగుడూ పెళ్లాం విడిపోతే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, బంగారం ఎవరికి చెందాలి అని పెద్దమనుషులు గంటల తరబడి మాట్లాడతారు. చీకటిపడి అందరూ కండువాలు దులుపుకుని లేచే వేళకు ఎవరో ఒకరు అడుగుతారు: ‘‘అవునూ, మరి గేదె సంగతేమిటి?’’ అందరూ మళ్లీ కూర్చోవలసి వస్తుంది.

ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. పుట్టింటికి తిరిగి వచ్చిన ఆడకూతురికి చాలాసార్లు పొలమూ ఉండదు, చేతిలో రొక్కమూ ఉండదు. రెండు పూటలా కేంద్రంలో పాలు పోస్తే ఉప్పూ పప్పుకీ, పిల్లవాడి పుస్తకాలకీ ఆధారం దొరుకుతుంది. గేదె అత్తవారి పాకలోనే ఉండిపోతే అదీ పోతుంది. అత్తవారి వాదన వేరు. ‘‘ఇన్నేళ్లు తవుడూ చిట్టూ పెట్టింది మేము. గడ్డి కోసింది మేము. ఇప్పుడు తోలుకుపోతామంటే ఎలా?’’ అంటారు.

చట్టం మాట

మన చట్టం దృష్టిలో గేదె అయినా, ఆవు అయినా, కుక్క అయినా ఆస్తి కిందే లెక్క. పిల్లల సంరక్షణకు ఉన్నట్టు పెంపుడు జీవాలకు విడిగా నిబంధన లేదు. కాబట్టి మొదట తేలవలసింది అది ఎవరి సొత్తు అన్నదే.

పుట్టింటివారు ఆడపిల్లకు అరణంగా ఇచ్చిన పశువు ఆమె స్త్రీధనం. అత్తవారి పాకలో కట్టేసినంత మాత్రాన వారిది అయిపోదు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. స్త్రీధనం భార్య సొంతం. భర్త, అత్తమామలు దాన్ని ఆమె తరఫున భద్రపరిచేవారు మాత్రమే. తిరిగి ఇవ్వకుండా అట్టేపెట్టుకుంటే నమ్మకద్రోహం కేసు పెట్టవచ్చు. ముస్లిం మహిళలకూ ఇలాంటి రక్షణ ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత తనకు ఇచ్చిన ఆస్తి విడాకులు పొందిన స్త్రీకే చెందుతుందని 1986 నాటి చట్టం చెబుతోంది.

మరి దూడలు?

అరణం ఇచ్చింది ఒక్క పడ్డ. నాలుగైదేళ్లు తిరిగేసరికి అది రెండు మూడు ఈతలు ఈనుతుంది. ‘‘తల్లిని తోలుకుపో, దూడలు మా పాకలో పుట్టాయి’’ అనే మాట అప్పుడే వస్తుంది. దీనికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్‌లో చక్కని ఉదాహరణ ఉంది. ఒకరు తమ ఆవును చూసుకోమని మరొకరికి అప్పగించారు. అది అక్కడ ఈనింది. ఆవుతో పాటు దూడను కూడా అప్పగించవలసిందే అన్నది ఆ ఉదాహరణ సారాంశం. మేపిన ఖర్చు అడిగేవారు ఇన్నేళ్లు తాగిన పాలనూ, అమ్ముకున్న పాలనూ కూడా లెక్క వేసుకోవాలి కదా!

పెళ్లయ్యాక ఇద్దరూ కష్టపడి కొన్న గేదె అయితే తగవు ఇంత తేలిక కాదు. డబ్బు ఎవరిది, అప్పు ఎవరి పేరున ఉంది, వాయిదాలు కట్టింది ఎవరు అన్నవి చూడాలి. పొదుపు సంఘంలో భార్య అప్పు తెచ్చి గేదెను కొంటే సంఘం పుస్తకమే సాక్ష్యం. పశువు చెవికి వేసే 12 అంకెల బిళ్ల, బీమా కాగితం, పాలకేంద్రం పుస్తకం ఎవరి పేరున ఉన్నాయో చూసుకోవాలి. ఇవి ఒక్కటే హక్కును తేల్చకపోయినా మాటకు బలమిస్తాయి. పెళ్లిలో ఇచ్చిన వస్తువుల జాబితాలో పశువును కూడా రాసి సంతకాలు పెట్టించుకుంటే తర్వాత పేచీ ఉండదు.

వెలలేని కుక్క

గేదెకు ధర ఉంది కనుక ఇద్దరూ కావాలంటారు. వీధి వాకిట్లో పడుకునే కుక్క దగ్గరికి వచ్చేసరికి కొన్ని ఇళ్లలో ఇద్దరూ వద్దంటారు. ఇల్లు తాళం పడితే అది గుమ్మం దగ్గరే ఆకలితో పడి ఉంటుంది. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. స్పెయిన్‌లో 2022 జనవరి నుంచి విడాకుల వేళ జంతువు బాగోగులు కూడా చూసి ఎవరికి అప్పగించాలో నిర్ణయిస్తున్నారు. మన దగ్గర అలాంటి చట్టం లేకపోయినా, రోజూ అన్నం పెట్టిన చెయ్యి ఎవరిదో, పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటాడో చూసి పెద్దలు చెబితే కాదనేవారు ఉండరు.

కాగితం మీద రాయాలి

ఇద్దరూ ఇష్టపడి విడిపోయే పద్ధతి 1976లో హిందూ వివాహ చట్టంలో చేరింది. అలా విడిపోయేవారు రాసుకునే ఒప్పందంలో పశువుల సంగతి కూడా రాయాలి. ఏ పశువు, ఎన్ని దూడలు, ఏ తేదీన అప్పగిస్తారు, మిగిలిన అప్పు ఎవరు తీరుస్తారు అన్నవి ఉండాలి. తగవు తెగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు అక్కడ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం.

తగవు ఎంత సాగితే గేదెకు అంత కష్టం. అలవాటైన చెయ్యి మారితే చాలా గేదెలు సరిగా చేపవు. పాలు తగ్గిపోతాయి, దూడ చిక్కిపోతుంది. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగాయన్న సామెత ఊరికే పుట్టలేదు. పెద్దమనుషులు గేదె సంగతి చీకటిపడ్డాక కాకుండా పొద్దుండగానే ఎత్తితే మంచిది.