సబ్‌వూఫర్ ఏ మూలన ఉండాలి?

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఈమధ్య కట్టిన ఇంటి హాలు చూడండి. కింద టైల్సో నాపరాళ్లో, చుట్టూ సిమెంటు పూసిన ఇటుక గోడలు, పైన స్లాబు. ఆ హాల్లోకి హోమ్ థియేటర్ వస్తుంది. సబ్‌వూఫర్‌ను (పాటలోని అట్టడుగు స్వరాలను మాత్రమే పలికించే పెట్టె) టీవీ పక్క మూలన పెడతారు. వైరు అందేది అక్కడికే. సోఫా ఎదురు గోడకు ఆనుకొని ఉంటుంది. పాట పెట్టగానే ఒక స్వరం గదంతా దద్దరిల్లేలా మోగుతుంది. దాని పక్క స్వరం వినిపించీ వినిపించనట్టు ఉంటుంది. పెట్టె నాసిరకమని చాలామంది అనుకుంటారు. చాలావరకు లోపం దాన్ని పెట్టిన చోటులోనే ఉంటుంది.

మన ఎండలకు గదిలోని గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. సెకనుకు 40 సార్లు కంపించే స్వరాన్ని తీసుకుంటే, దాని ఒక్క అల పొడవు 28 అడుగులకు పైనే. గది అంతకంటే చిన్నది. అల గోడకు తగిలి వెనక్కి వస్తుంది, అవతలి గోడకు తగిలి మళ్లీ వస్తుంది. గది పొడవు అలలో సరిగ్గా సగమైతే, తిరిగొచ్చిన అలకు కొత్త అల తోడవుతుంది. ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు ఊపు పెరుగుతూ పోతుంది. దీన్నే స్థిర తరంగం (రెండు గోడల మధ్య ఉన్నచోటనే ఊగే అల) అంటారు.

14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న హాలు అనుకుందాం. పొడవు వైపు ఈ ఊపు సెకనుకు 41 కంపనాల దగ్గర వస్తుంది. వెడల్పు వైపు 57 దగ్గర. ఎత్తు కూడా పదే కాబట్టి అక్కడా 57. ఒకే స్వరం రెండు దిక్కులా ఊగడం మంచిది కాదు, కానీ మన ఇళ్లలో ఇలాంటి కొలతలు మామూలే. ఊగే అల ఒత్తిడి గోడల దగ్గర అత్యధికం, గది నడిమధ్యన దాదాపు సున్న. మూలలో మూడు దిక్కుల ఊపులూ కలుస్తాయి. అందుకే మూలన పెట్టిన సబ్‌వూఫర్ అన్నిటికంటే గట్టిగా మోగుతుంది, అన్నిటికంటే ఎగుడుదిగుడుగానూ మోగుతుంది. నడిగదిలో కూర్చున్నవారికి మాత్రం ఆ 41 స్వరం మాయమవుతుంది. వాల్యూమ్ పెంచితే మిగతావి పెరుగుతాయి తప్ప ఆ ఖాళీ నిండదు.

అమెరికా ఇళ్లలో చెక్క చట్రానికి బిగించిన పలుచని గోడలు ఎక్కువ. అవి బేస్‌కు కాస్త కదిలి, కొంత శక్తిని తినేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. ఇటుక గోడా స్లాబూ అలా కదలవు. శక్తి గదిలోనే ఉండిపోయి ఊపు మరింత పదునెక్కుతుంది. కాబట్టి అక్కడివారికంటే మనకే చోటు ఎంపిక ముఖ్యమని నా అభిప్రాయం. ఎక్కువ వాట్లకు పెట్టే డబ్బు మిగుల్చుకొని, ఒక సాయంత్రం ఓపిక పెట్టడం మేలు. గోడలకు అంటించే స్పాంజి పలకలు ఇక్కడ పనికిరావు. 41 కంపనాల అలను అలా పీల్చాలంటే ఏడడుగుల మందం కావాలి.

చోటు వెతికే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. సబ్‌వూఫర్‌ను సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. మీరు గోడల వెంట మోకాళ్ల మీద కదులుతూ, చెవిని నేలకు దగ్గరగా ఉంచి వినండి. శబ్దం వచ్చే చోటునూ వినే చోటునూ తారుమారు చేసినా ఫలితం మారదన్న సూత్రమే దీనికి ఆధారం. లార్డ్ రేలీ 19వ శతాబ్దంలోనే దాన్ని గణితంతో చూపించారు. పాటగా ఇళయరాజా బేస్ గిటార్ బాగా నడిచే పాట ఏదైనా పెట్టుకోండి. స్వరాలు మెట్లు ఎక్కి దిగుతుంటే, ఏదీ ఉబికి రాకుండా, ఏదీ జారిపోకుండా వినిపించే చోటును సుద్దముక్కతో గుర్తుపెట్టండి. అన్నిటికంటే గట్టిగా వినిపించే చోటు మూలే అవుతుంది, దానికి లొంగకండి. తర్వాత పెట్టెను ఆ గుర్తు మీదకు మార్చి, మీరు సోఫాలోకి రండి.

చాలా గదుల్లో ఆ గుర్తు పొడవు గోడ మధ్యకు దగ్గరగా పడుతుంది. 41 స్వరపు ఒత్తిడి అక్కడ లేదు కనుక దాన్ని అక్కడినుంచి రెచ్చగొట్టడం కష్టం. ఎత్తు వైపు ఊపు మాత్రం పెట్టెను నేల మీద ఎటు జరిపినా పోదు. సోఫాను వెనక గోడ నుంచి రెండడుగులు ముందుకు లాగినా తేడా తెలుస్తుంది.

ఇంట్లో నలుగురు కలిసి వినేటట్లయితే రెండు చిన్న సబ్‌వూఫర్లు ఒక పెద్దదానికంటే నయం. హార్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో ఈ లెక్కలన్నీ వేసి చూశారు. ఎదురెదురు గోడల మధ్యన రెండింటిని పెడితే సీటు సీటుకూ తేడా బాగా తగ్గుతుందని తేల్చారు. ఒకటి పెంచే ఊపును రెండోది రద్దు చేస్తుంది.

ఫోన్ యాప్‌తో కొలిచేవారు ఒకటి చూసుకోవాలి. యాప్ సాధారణంగా ‘ఎ’ కొలతలో ఉంటుంది. అది మన చెవిని అనుకరిస్తూ 40 కంపనాల స్వరాన్ని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. ‘సి’ కొలతకు మార్చుకుంటే ఆ తగ్గింపు రెండు డెసిబెల్సే.