గాజుతొట్టిలో గిల్లికజ్జాలు

పిల్లలూ! మీ ఇంట్లో గాజుతొట్టిలో చేపల్ని పెంచుతున్నారా? అయితే చిన్న చేపలు ఒకదాన్నొకటి తరుముకోవటం మీరు చూచే ఉంటారు. "ఆడుకుంటున్నాయి" అనుకుని ఊరుకుని ఉంటారు కూడా. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అది ఆట కాదని తెలిసేసరికి ఒక చేప ప్రాణం పోయింది.

కిందటి ఏడు మా మనుమరాలి పుట్టినరోజుకు ఎవరో ఒక గుండ్రని గాజుకూజాలో నాలుగు జీబ్రా చేపల్ని పెట్టి ఇచ్చారు. బాగా ఎదిగినా నాలుగైదు సెంటీమీటర్లకు మించని చేపలు. వెండి ఒంటిమీద నీలపు చారలు తోక దాకా సాగి ఉంటాయి. పేరు చూచి ఇవి పరదేశపు చేపలనుకునేరు! మన దేశపువే. గంగానదిలోను, దాని ఉపనదుల్లోను ఉండే చేపల్ని గురించి ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు 1822లో ఒక గ్రంథం ప్రకటించాడు. జీబ్రా చేపను శాస్త్రజ్ఞులకు మొదట పరిచయం చేసింది ఆ గ్రంథమే.

నాలుగింటిలో ఒకటి మిగతా మూడింటినీ తరమసాగింది. కూజా అంతా తనదే అన్నట్టు అది నడిమధ్య తిరిగేది. అన్నిటికన్నా చిన్నది నీటి పైఅంచున రెక్కలు ముడుచుకుని కదలకుండా ఉండేది. మేత వేసినా వచ్చేది కాదు. మూడోనాటి రాత్రి అది ఎగిరి కూజా బయట పడింది. పొద్దున్నే మా మనుమరాలు దాన్ని బల్లమీద చూచింది.

"తాతయ్యా, ఆ దొంగదాన్ని వేరే పెట్టెయ్!" అని ఏడ్చింది. నేనూ కోపంతో దాన్ని తీసి ఒక సీసాలో వేశాను. ఒక పూట అంతా ప్రశాంతంగా ఉంది. మర్నాటికల్లా, నిన్నటిదాకా దెబ్బలు తిన్న రెండో చేప మూడోదాని వెంట పడింది! సాయంత్రానికి మూడోదాని తోక చిరిగింది. ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలతో గడిపినవాణ్ణి, ఇది నాకు ముందే తట్టవలసింది. ఒక అల్లరివాణ్ణి తరగతి బయట నిలబెట్టిన ప్రతిసారీ, రెండో బెంచీ నుంచి ఇంకొకడు లేచేవాడు.

గుంపుగా బ్రతికే జీవుల్లో చాలావాటికి ఒక వరస ఉంటుంది. నార్వే దేశస్థుడు ష్యెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుంచీ కోళ్ళను గమనించి, ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో వ్రాసుకుని, ఆ వరసను 1922లో లోకానికి చెప్పాడు. జీబ్రా చేపల్లోనూ అటువంటి వరస ఉన్నది. ఆడవాటిలోనూ ఉన్నది, మగవాటిలోనూ ఉన్నది. పైదాన్ని తీసేస్తే వరస పోదు. కిందిది పైకి వస్తుంది, అంతే.

మరి వాగుల్లో ఇవి ఎలా బ్రతుకుతున్నాయి? అక్కడ ఓడిన చేప పారిపోతుంది, నాచులో దూరుతుంది. తరిమేదానికి కూడా తీరిక ఉండదు. పైనుంచి లకుముకిపిట్ట, కిందనుంచి పెద్దచేప కాచుకుని ఉంటాయి. శత్రువును కనిపెట్టడానికి పది జతల కళ్ళు కావాలి కనుకనే అవి గుంపు కడతాయి. మన కూజాలో భయమూ లేదు, పారిపోయే చోటూ లేదు. గుండ్రని కూజాలో నక్కడానికి ఒక మూల కూడా లేదు గదా!

ఇప్పుడొక చిన్న లెక్క చెయ్యండి. ఒక పొగరుబోతు చేప గంటలో 36 సార్లు తరుముతుందనుకుందాం. తోటివి రెండే అయితే ఒక్కొక్కదానికి 18 సార్లు. తోటివి తొమ్మిదైతే నాలుగే సార్లు. నిజానికి అంతకూడా ఉండదు; ఒకదాని వెంట పడేలోగా ఇంకొకటి అడ్డు వస్తుంది, దేన్ని తరుముతున్నదీ దానికే తెలియదు. అందుకే ఇటువంటి చేపల్ని ఆరుకు తక్కువ పెంచరాదు. పది ఉంటే మరీ మంచిది.

అలాగని మర్నాడే బజారుకు పరుగెత్తకండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి కొన్నాము. అందులో సుమారు 56 లీటర్లు పడతాయి. అంటే నీళ్ళ బరువే 56 కిలోలు. పాత బల్లమీద పెట్టవద్దని పెద్దలకు నా మనవి. మూత తప్పనిసరి. కుళాయినీళ్ళను ఒక రోజంతా నిలవ ఉంచి పోశాము, అందులో క్లోరిన్ పోవాలి గనుక. చేపల మలినం నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. దాన్ని మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకని ముందు మా మూడు చేపల్నే వదిలి, కొద్దికొద్దిగా నీళ్ళు మారుస్తూ ఓపిక పట్టాము.

ఆ వారాల్లో తోక చిరిగినదాన్ని కాపాడాలి. చెక్క చట్రానికి వలగుడ్డ బిగించి తొట్టికి అడ్డంగా నిలిపాము. అవతలివాటిని చూస్తుంది, కాని కాటు పడదు. దోమతెర గుడ్డ వాడేట్టయితే మందు పట్టించనిదే వాడాలి. ఆ మందు చేపల్ని చంపుతుంది.

నెల దాటాక ఏడు చేపల్ని తెచ్చాము. ఒక్కొక్కటిగా కాదు, ఒకేసారి. ఒంటరిగా వచ్చినదానిమీద అన్నీ పడతాయి. ముందుగా రాళ్ళనూ మొక్కల్నీ చోటు మార్చి, అడ్డు తీసేశాము. మేత రెండు కొసలా ఒకేసారి చల్లాము. ఒకటే చేప రెండుచోట్ల కాపలా కాయలేదు గదా! తరమటం పూర్తిగా మానలేదు, మానదు కూడా. కాని ఎవరికీ తోక చిరగలేదు.

ఒక మాట మరిచాను. తెల్లవారగానే సన్నని పసుపుఛాయ చేప ఒకటి, పొట్ట ఉబ్బిన చేపను తరుముతూ దాని ఒంటిని ముక్కుతో పొడుస్తుంటే కంగారు పడకండి. అది తగవు కాదు, గుడ్లు పెట్టే వేళ.

జీబ్రా చేపకు చిరిగిన తోక మళ్ళీ మొలుస్తుంది. మా మనుమరాలు బడినుంచి రాగానే తొట్టికి ముఖం ఆనించి, "తాతయ్యా, మన తోక చిరిగిన చేప ఏదీ?" అని అడుగుతుంది. కళ్ళజోడు సరిచేసుకుని నేనూ వెతుకుతాను. పదిలో అది ఏదో మాకిద్దరికీ తెలియటం లేదు.