కాటా కదలకపోతే కంగారెందుకు?

ఇదివరకు పెళ్ళిలోనో, పేరంటంలోనో నలుగురు ఆడవాళ్ళం కలిస్తే చీరల గురించో, నగల గురించో మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరిని కదిలించినా ఒకటే మాట. “నువ్వు ఎన్ని కిలోలు తగ్గావు?” అన్నం మానేసినవాళ్ళు కొందరు, తగ్గించినవాళ్ళు కొందరు, రేపట్నుంచి మానేస్తామనేవాళ్ళు మరికొందరు. చిత్రమేమిటంటే, ఎంతో పట్టుదలగా మొదలుపెట్టినవాళ్ళే రెండో నెల తిరక్కుండానే మళ్ళీ కంచం నిండా అన్నం పెట్టుకుని కూర్చుంటున్నారు. ఆకలికి ఆగలేక కాదు. “ఇంత కడుపు కట్టుకున్నా కాటా కదలడం లేదే!” అన్న దిగులుతో.

ఆ దిగులు నేనూ పడ్డాను. అందుకే ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది.

గుమ్మంలో నిలబడ్డ జబ్బు

నాకు 44 ఏళ్ళు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. కిందటి దసరా నాటికి బరువు 74 కిలోలు. లావు గురించి నాకు పెద్ద బెంగేం ఉండేది కాదు. ఇద్దరు పిల్లల తల్లిని, ఈ మాత్రం ఉండనా అనుకునేదాన్ని. కానీ మా అమ్మకి చక్కెర వ్యాధి ఉంది. ఇరవై ఏళ్ళుగా దాన్ని అశ్రద్ధ చేసి, చివరికి రెండు కళ్ళూ పోగొట్టుకుంది. నాకు రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు చక్కెర 6.2 వచ్చింది. 5.7 దాటితే హెచ్చరిక, 6.5 దాటితే జబ్బే. “ఇంకా లోపలికి రాలేదమ్మా, గుమ్మంలో నిలబడి ఉంది. బరువు తగ్గండి, అన్నం తగ్గించండి” అన్నారు డాక్టరుగారు.

మాది తెనాలి. మూడు పూటలా అన్నమే మాకు తెలిసిన తిండి. పొద్దున ఇడ్లీ తిన్నా అదీ బియ్యపు రవ్వే కదా! మనమే కాదు, దేశమంతా ఇంతేనట. మనవాళ్ళు తినే తిండిలో 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2025లో తేల్చింది. డాక్టరుగారి సలహాతో నేను రాత్రి అన్నం మానేశాను. మధ్యాహ్నం ఒక్క కప్పు. పొద్దున పెసరట్టో, గుడ్లో. అంతకుముందు రోజుకి 300 గ్రాములు దాటే పిండిపదార్థాలు 120 గ్రాముల లోపుకి వచ్చాయి. నాకు తోడుగా మావారూ మొదలుపెట్టారు.

మొదటి వారం సంబరం

మొదటి వారంలోనే 2 కిలోలు తగ్గాను. ఇల్లంతా తిరిగి అందరికీ చెప్పాను. ఈ లెక్కన సంక్రాంతికి పది కిలోలు ఖాయమనుకున్నాను. తర్వాత మూడు వారాలు కాటా ఉలకలేదు, పలకలేదు.

ఇక్కడే మనం ఒక సంగతి తెలుసుకోవాలి. మన ఒంట్లో, అంటే కండల్లో, కాలేయంలో, అరకిలో దాకా పిండిపదార్థం అత్యవసర నిల్వగా ఉంటుంది. దాని పేరు గ్లైకోజెన్. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం తగ్గించగానే ఒళ్ళు ముందు ఆ నిల్వని వాడుకుంటుంది. దాంతోపాటు నీరూ పోతుంది. మొదటి వారం మనం చూసి మురిసిపోయేది చాలావరకు ఆ నీటి బరువే. అసలు కొవ్వు కరగడం నెమ్మదిగా జరిగే పని. కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీలు తక్కువ తినాలి. రోజుకి 500 తగ్గించినా కిలోకి పదిహేను రోజులు పడుతుంది. అది కూడా పుస్తకంలో లెక్క. నలభై దాటిన మన ఒళ్ళు ఆ లెక్క కంటే నిదానం.

ఈలోగా మావారు రెండు నెలల్లో 7 కిలోలు తగ్గారు. నేను రెండున్నర. ఆయనకి వండి పెట్టింది నేనే! ఎంత ఉక్రోషం వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. మగవాళ్ళ ఒంట్లో కండ ఎక్కువ, ఊరికే కూర్చున్నా మనకంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుకే వాళ్ళు త్వరగా తగ్గుతారు. భర్తతో పోటీ పెట్టుకోకండి, మనశ్శాంతి పోతుంది.

సంక్రాంతి నాడు ఏం జరిగిందంటే

భోగినాటికి నా బరువు 71. మూడు నెలలకి మూడు కిలోలు. మా అత్తయ్యగారు, “తిండి మానేసి నీరసపడితే ఇల్లెవరు చూస్తారే? తగ్గింది కూడా ఏం కనపడటం లేదు” అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. కానీ నాకు కోపం వచ్చింది. ఎవరి కోసం ఈ బాధంతా అని పండగనాడు పులిహోర, బూరెలు, అరిసెలు కసితీరా తిన్నాను. మర్నాడు కాటా ఎక్కితే 72 కిలోల 500! బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడ్చాను.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క రోజులో కిలోన్నర కొవ్వు పెరగాలంటే, మామూలు తిండి కాక పైన 11,500 కేలరీలు తినాలి. గంపెడు అరిసెలు తిన్నా అంత రాదు. పెరిగింది కొవ్వు కాదు. పిండి, ఉప్పు కలిసి పట్టుకున్న నీరు. నాలుగు రోజులు మళ్ళీ పద్ధతిగా తినేసరికి అది పోయింది. ఒకరోజు తప్పితే వ్రతం చెడిపోయిందని మొత్తం మానెయ్యకండి. మర్నాడు పొద్దున మళ్ళీ మొదలుపెట్టండి.

ముందు మన వంటింట్లో వెతుకుదాం

ఓపిక పట్టడమంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం కాదు. నెలరోజులైనా బరువు కదలకపోతే వంటింట్లోనే దొంగ ఉన్నాడేమో చూసుకోవాలి. నాకు దొరికిన దొంగలివి.

అన్నం మానేసి రాగి సంకటి, జొన్నరొట్టెలు హద్దు లేకుండా తినడం. వాటిలో పీచు ఎక్కువ, మంచివే. కానీ 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థాలు 78 గ్రాములైతే, రాగుల్లో, జొన్నల్లో, గోధుమపిండిలో కూడా 70 గ్రాములకి అటూ ఇటూ ఉంటాయి. కప్పు అన్నం మానేసి మూడు చపాతీలు తింటే తగ్గించింది ఏముంది?

పిల్లలు వదిలేసిన దోసె ముక్క, అడుగున మిగిలిన ఉప్మా. పారేయడం ఇష్టంలేక మన నోట్లో వేసుకుంటాం. ఎక్కడా లెక్కలోకి రాదు.

నూనె, గింజలు. అన్నం తినడం లేదు కదా అని ధారాళంగా పోసేస్తాం. ఒక పెద్ద చెంచాడు నూనె అంటే 120 కేలరీలు. గుప్పెడు వేరుశనగ గుళ్ళు 170 దాకా. 2018 ప్రాంతంలో కొబ్బరినూనె, సూపుల డైటు మన ఊళ్ళని ఊపేసినప్పుడు నేనూ చూశాను. అన్నం తింటూనే నూనె కూడా తాగి మరింత లావెక్కినవాళ్ళున్నారు.

కాఫీలో పంచదార. రోజుకి మూడు కాఫీలు, రెండేసి చెంచాలు. అవే 25 గ్రాములు!

కాటా ఒక్కటే సాక్షి కాదు

శివరాత్రి తర్వాత ఐదు వారాలు నా బరువు 70 కిలోల 800 దగ్గర బండరాయిలా కూర్చుంది. దొంగల్ని పట్టుకున్నా, సాయంత్రం అరగంట నడిచినా లాభం లేకపోయింది. ఉగాదికి పుట్టింటికి వెళ్ళాను, ఇక మానేద్దామన్న ఆలోచనతోనే. అమ్మని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళడానికి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా మణికట్టు తడిమి, “ఏమే, గాజులింత వదులయ్యాయి? చిక్కిపోయావా?” అంది.

కళ్ళున్న నాకు కనపడనిది అమ్మ చేతికి తెలిసింది. ఆ మధ్యాహ్నమే టేపు పెట్టి కొలుచుకున్నాను. 37 అంగుళాల నడుము 35 అయింది. మూడేళ్ళ కింద కుట్లు విప్పి వదులు చేయించిన జాకెట్లన్నీ జారుతున్నాయి. నడకతో కండ గట్టిపడి, లోపల కొవ్వు కరుగుతున్నా కాటా అదే అంకె చూపించవచ్చు. అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను.

కాటా రోజూ ఎక్కను. వారానికొకసారి, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, కాఫీకి ముందు. బహిష్టు ముందు రోజుల్లో, ఆ రోజుల్లో అసలు చూడను. అప్పుడు ఒంట్లో నీరు చేరుతుంది. వారం అంకె కాకుండా నెలకీ నెలకీ పోల్చుకుంటాను. నెలకొకసారి బొడ్డు దగ్గర టేపు పెడతాను. మన ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు, దాటకపోవడం మంచిదంటారు.

ఇది కొత్త విద్యా కాదు, తొందర విద్యా కాదు. మావాడు చదివి చెప్పాడు. లండన్‌లో విలియం బాంటింగ్ అనే పెద్దాయన డాక్టరు సలహాతో రొట్టె, పంచదార, బంగాళాదుంప మానేసి, తన అనుభవాన్ని 1863లో చిన్న పుస్తకంగా వేశాడట. ఏడాదికి తగ్గింది 46 పౌన్లు, అంటే సుమారు 21 కిలోలు. గొప్పగా వినిపిస్తుంది కదా! లెక్క కడితే వారానికి 400 గ్రాములు. అంతే.

నెమ్మదిగా తగ్గడంలో మేలు కూడా ఉంది. మరీ వేగంగా తగ్గితే జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది.

ఇవి మాత్రం మరిచిపోకండి

చక్కెర వ్యాధికి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అన్నం తగ్గించకూడదు. మందు మోతాదు మార్చకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. రక్తపోటు మాత్రలు వేసుకునేవాళ్ళూ, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళూ అంతే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ జోలికి వెళ్ళవద్దు. ఎంత చేసినా బొత్తిగా తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

పులిహోర మీద మనసైతే

మధ్యస్థంగా ఉన్న కాలీఫ్లవర్‌ని ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, కొబ్బరి కోరుతో కోరుకోండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, కొద్దిగా వేరుశనగ గుళ్ళు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టండి. పసుపు, ఉప్పు, ఉసిరికాయంత చింతపండు గుజ్జు వేసి నూనె తేలేదాకా ఉడికించండి. అందులో కోరు వేసి, మూత పెట్టకుండా ఐదు నిమిషాలు వేయించి దింపండి. మూత పెడితే నీరూరి ముద్దయిపోతుంది. అన్నం పులిహోర రుచి రాదు, అబద్ధం చెప్పను. కానీ మనసు ఊరుకుంటుంది.

ఉగాది వెళ్ళాక మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. 6.2 ఉన్న చక్కెర 5.8కి దిగింది. ఇంకా గుమ్మం దాటి పోలేదు, మెట్టు దిగింది. ఎనిమిది నెలలకి ఇప్పుడు నా బరువు 69 కిలోలు. తగ్గింది ఐదే. అయినా పదిహేనేళ్ళపాటు ముద్ద ముద్దగా చేరిన బరువు పదిహేను రోజుల్లో పొమ్మంటే పోతుందా చెప్పండి?

అందుకే అక్కా, చెల్లీ, ఈసారి కాటా కదల్లేదని దిగులేసినప్పుడు ముందు మీ గాజులు ఒకసారి తిప్పి చూసుకోండి.