నక్షత్ర తాబేలు – చలికాలపు ఇల్లు

బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లోని గుట్టల మీద మేకలు మేపేవారికి నక్షత్ర తాబేలు కొత్త కాదు. తొలకరి వానలకు పచ్చిక మొలవగానే అది పొదల్లోనుంచి బయటికి వస్తుంది. నల్లని పెంకు మీద పసుపు చారలు నక్షత్రాల్లాగా విచ్చుకొని ఉంటాయి. ఎండు గడ్డిలో కదలకుండా కూర్చుంటే ఆ చారల వల్లే అది కంటికి ఆనదు.

తాబేలు అనగానే మనకు చెరువు గుర్తుకు వస్తుంది. అందుకే కొందరు దీన్ని ఇంటికి తెచ్చి నీళ్ళ తొట్టిలో వేస్తారు. పాపం, ఇది మెట్ట తాబేలు. దీనికి ఈత రాదు. లోతు నీళ్ళలో మునిగి చనిపోతుంది. అదీగాక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. అయినా దొంగతనంగా విదేశాలకు పంపేవారున్నారు. సింగపూరులో పట్టుబడిన 51 తాబేళ్ళను 2018లో విమానంలో బెంగళూరుకు తిరిగి తెచ్చారు. మరుసటి ఏడు జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ జాతి వ్యాపారాన్ని దేశాల మధ్య పూర్తిగా నిషేధించింది.

ఇలా దొరికిన తాబేళ్ళను వెంటనే అడవిలో వదలరు. జబ్బులేమీ లేవని తేలేవరకు కంచె వేసిన ఆరుబయటి ఆవరణలో ఉంచుతారు. వాటికి అసలు పరీక్ష చలికాలంలో వస్తుంది.

తాబేలు శీతల రక్త జంతువు. మన శరీరంలాగా దాని శరీరం తనంతట తాను వేడిని పుట్టించుకోలేదు. ఐరోపాలోని కొన్ని మెట్ట తాబేళ్ళు చలి రాగానే మట్టిలో దూరి నెలల తరబడి నిద్రపోతాయి. మన నక్షత్ర తాబేలుకు ఆ అలవాటు లేదు. పగటి ఎండలో వేడెక్కితేనే తిన్నది అరుగుతుంది. చిక్కబళ్ళాపురం వైపు మార్గశిర, పుష్య మాసాల్లో రాత్రి చలి 15 డిగ్రీలకూ, ఒక్కొక్కప్పుడు అంతకంటే తక్కువకూ దిగుతుంది. పొడి చలిని తాబేలు కొంత ఓర్చుకోగలదు. చలికి తడి తోడైతే మాత్రం ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ముక్కులో బుడగలు రావడం, నోరు తెరచి ఊపిరి తీయడం దాని గుర్తులు. అప్పుడు పశువైద్యునికి చూపించవలసిందే.

కనుక ఆవరణలో మొదట చూడవలసింది తడి. దీపావళి తరువాత కూడా మనకు వానలు పడుతుంటాయి. నీరు నిలవకుండా నేలను వాలుగా చేసి, గరుసు మట్టి పోస్తారు. తూర్పువైపు కొమ్మలు నరికి ఉదయపు ఎండకు దారి ఇస్తారు. చుట్టూ బండరాళ్ళను ఒక అడుగు లోతున పాతితే తాబేళ్ళు కింద తవ్వుకొని పోలేవు. పగలంతా కాగిన రాయి సాయంత్రం కాసేపు వెచ్చగానూ ఉంటుంది. తీగల కంచె అయితే అవతలిది కనిపిస్తుంది కాబట్టి తాబేలు రోజంతా దాన్ని తోస్తూనే ఉంటుంది!

లోపల జానెడు ఎత్తు మట్టి దిమ్మ మీద చిన్న గుడిసె కడతారు. దానికి తక్కువ ఎత్తు వాకిలి, నేల మీద మందంగా బోదగడ్డి ఉండాలి. గడ్డి తడిస్తే బూజు పడుతుంది. అదే రోజు మార్చాలి. ముంగిసలు, కుక్కలు రాకుండా రాత్రి వాకిలి మూస్తారు.

మేత కూడా ఎండ ఎక్కాకనే పెట్టాలి. గడ్డి, మందారాకులు, ముళ్ళు తీసిన నాగజెముడు మంచివి. చింతామణిలో టమోటాలు చౌకగా దొరుకుతాయి కదా అని అవే పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. లోతులేని పళ్ళెంలో నీళ్ళు పెట్టి, సాయంత్రం తీసేస్తారు.

శివరాత్రి దాటి రాత్రులు వెచ్చబడ్డాక గడ్డిని పలుచన చేస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాటిని గుట్టల్లో వదలడానికి మళ్ళీ తొలకరి రావాలి. అప్పటికి పచ్చిక మొలిచి ఉంటుంది.