అడిగే ముందు ఆరా తీయాలి

"చిన్నాయనా, జీతం ఎంత కావాలని అడిగితే ఏం చెప్పను?" అని మా అన్న కూతురు అడిగినప్పుడు నాకు జవాబు తోచలేదు. బ్యాంకులో చేరిన నాటి నుండి నేనెన్నడూ జీతం బేరమాడిన వాణ్ణి కాను. 1966లో మొదటి ద్వైపాక్షిక ఒప్పందం కుదిరిన తరువాత మా జీతాలు సంఘాలూ యాజమాన్యాలూ కూర్చుని తేల్చేవే. సంతకం పెట్టి తీసుకోవడమే మా వంతు.

ఆ అలవాటుతోనే మా అబ్బాయికి తప్పు సలహా ఇచ్చాను. "ఇచ్చింది పుచ్చుకో, ఎదురు మాట్లాడకు" అన్నాను. అదే రోజు అదే పనిలో చేరిన మరో కుర్రాడికి నెలకు 3,000 రూపాయలు ఎక్కువని తరువాత తెలిసింది. ఇద్దరికీ ఏటా 8 శాతం చొప్పున పెరిగినా, ఐదేళ్ళలో మావాడు పోగొట్టుకునేది 2 లక్షల 11 వేల పైమాటే.

అందుకే ఈసారి ముందే ఆరా తీశాం. అమ్మాయి బి.కాం. చదివి హోసూరులో ఒక ఆడిటరు వద్ద మూడేళ్ళు పనిచేసింది. ఇప్పుడు సిప్‌కాట్‌లోని ఒక ఫ్యాక్టరీ అకౌంట్సు విభాగానికి పిలిచారు. హైదరాబాదు బంధువులు ఒక అంకె చెప్పారు, బెంగళూరు వారు మరొకటి చెప్పారు. బెంగళూరు మాకు నలభై కిలోమీటర్లే అయినా అక్కడి ధర ఇక్కడ చెల్లదు. అక్కడి అద్దెలూ ఇక్కడ లేవు. మనకు కావలసింది మన ఊళ్ళో, అదే పనికి, అంతే అనుభవానికి ఇచ్చే జీతం.

హోసూరు ఉద్యోగ ప్రకటనలు మాత్రమే ఏరి రాసుకున్నాం. తెలిసిన ఆరుగురిని అడిగాం. "నీ జీతమెంత?" అంటే ఎవరైనా ముడుచుకుపోతారు. "మూడేళ్ళ అనుభవం ఉన్నవారికి ఇక్కడ ఎంత నుండి ఎంత వరకు ఇస్తున్నారు?" అంటే చెబుతారు. 27 నుండి 32 వేల వరకు అని తేలింది.

కంపెనీ వారు 28 వేలు అన్నారు. అది చేతికందే జీతం కాదు, కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. మూల వేతనం 14 వేలు. దానిపై కంపెనీ కట్టే పి.ఎఫ్. 12 శాతం, అంటే 1,680. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, అంటే 673. అమ్మాయి వాటా పి.ఎఫ్. మరో 1,680. ఇవన్నీ పోతే చేతికి 24 వేల లోపే. వృత్తి పన్ను వేరు.

అమ్మాయి ఇంటి ఇబ్బందులేవీ చెప్పలేదు. "ఈ ఊళ్ళో ఈ పనికి ఇంత ఇస్తున్నారండీ, జి.ఎస్.టి. రిటర్నులు నేనే చూసుకోగలను, 31 వేలు ఇప్పించండి" అంది. 30 వేలకు కుదిరింది.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. అప్పుడు నాకే తెలియదు. పెళ్ళి సంబంధానికి పది ఇళ్ళ వాకబు చేస్తాం కదా, పిల్లల జీతం విషయంలో ఆరుగురిని అడిగితే తప్పేముంది?